సముద్రం ఎండగట్టిన నేల: నమీబియా ఎందుకంత ఖాళీ?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే ఎంత నేలో, దానికి మూడింతలుంటుంది నమీబియా. ఆఫ్రికా ఖండానికి నైరుతి మూలన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున, దాదాపు 8.25 లక్షల చదరపు కిలోమీటర్ల దేశం. 2023 జనాభా లెక్కల్లో తేలిన జనం మాత్రం 30 లక్షల 22 వేలు. మన హైదరాబాద్ జిల్లా ఒక్కదానిలోనే 2011 నాటికి 39 లక్షల మంది ఉన్నారు, అదీ 217 చదరపు కిలోమీటర్లలో. నమీబియాలో చదరపు కిలోమీటరుకు సగటున నలుగురు కూడా తేలరు. స్వతంత్ర దేశాల్లో ఇంతకన్నా పలచగా జనం ఉన్నది మంగోలియాలోనే.

ఎందుకలా అంటే, "ఎడారి కదా, ఎవరుంటారు?" అనేస్తాం. ఆ జవాబు సగమే నిజం. రాజస్థాన్‌లో థార్ కూడా ఎడారే, అయినా అక్కడ ఊరికి ఊరు తగులుతూనే ఉంటుంది. నమీబియాలోనూ ఎడారి అంటే ప్రధానంగా పడమటి తీరం పొడవునా ఉన్న నమీబ్, తూర్పున సరిహద్దు పొడవునా ఉన్న కలహారి. మధ్యలో పీఠభూమి ఉంది, గడ్డి మొలుస్తుంది, పశువులు మేస్తాయి. అక్కడా మనుషులు పెద్దగా కనిపించరు. ఎడారి ఎలా ఏర్పడిందో చెప్పడానికి సముద్రం, గాలి చాలు. ఆ పీఠభూమి ఎందుకు ఖాళీగా ఉందో తెలియాలంటే 1904 దాకా వెనక్కి వెళ్లాలి.

ముందు సముద్రం సంగతి చూద్దాం. సముద్రం పక్కనే ఉంటే వానలు బాగా పడతాయని తీరం వాళ్లకు ఒక నమ్మకం. విశాఖ ముందున్న బంగాళాఖాతం వెచ్చని సముద్రం. నీళ్లు ఆవిరై పైకి లేస్తాయి, మబ్బులవుతాయి, వాయుగుండాలవుతాయి. నమీబియా ముందున్న అట్లాంటిక్‌లో జరిగేది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. దక్షిణం నుంచి బెంగ్వేలా అనే చల్లని ప్రవాహం తీరం వెంబడి ఉత్తరానికి పోతుంది. దానికి తోడు గాలి పైనీళ్లను సముద్రంలోకి తోసేస్తుంటే అడుగునున్న చన్నీళ్లు పైకి వస్తుంటాయి. ఆ నీళ్ల మీది గాలి చల్లబడి బరువెక్కి కిందనే ఉండిపోతుంది. పైన వేడి గాలి మూతలా కూర్చుంటుంది. గాలి పైకి లేవనప్పుడు వాన మబ్బు పుట్టదు. అటు తూర్పున హిందూ మహాసముద్రం నుంచి వచ్చే తేమ ఖండమంతా దాటుకుని ఇక్కడికి చేరేసరికి దాదాపు అయిపోతుంది. రెండు వైపులా దారులు మూసుకుపోయాయన్నమాట. తీరంలో ఏడాదంతా కలిపి పడే వాన 20 మిల్లీమీటర్లు కూడా ఉండదు. కరువుకు పేరుపడ్డ అనంతపురంలోనే ఏడాదికి 500 మిల్లీమీటర్లు దాటుతుంది.

ఈ పరిస్థితి నిన్న మొన్నటిది కాదు. కనీసం ఐదున్నర కోట్ల ఏళ్లుగా ఈ ప్రాంతం ఎండిపోయే ఉందని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. అందుకే నమీబ్‌ను ప్రపంచంలోని అతి పాత ఎడారుల్లో లెక్కేస్తారు. దేశానికి పేరు వచ్చింది కూడా దీన్నుంచే. అక్కడి ఖోయిఖోయి భాషలో నమీబ్ అంటే విశాలమైన చోటు అని అర్థం చెబుతారు.

నేలను ఎండగట్టిన ఆ చన్నీళ్లే సముద్రంలో మాత్రం పంట పండిస్తాయి. అడుగు నుంచి పైకి వచ్చే నీళ్లతో పోషకాలు కూడా వస్తాయి కాబట్టి చేపలకు కొదవ లేదు. చేపల కోసం సీల్‌లు, పక్షులు. 1486లో పోర్చుగీసు నావికుడు డియోగో కావ్ రాతి శిలువ నాటిన కేప్ క్రాస్‌లో ఇప్పుడు సీల్‌లు వేలాదిగా గుంపు కట్టి ఉంటాయి. వాటి కంపు అల్లంత దూరానికే తెలుస్తుంది. ఫొటోల్లో అది కనిపించదు, అదృష్టం.

చల్లని గాలి వాననివ్వకపోయినా పొగమంచునిస్తుంది. తీరంలో ఏడాదికి వంద రోజులకు పైగా మంచు కమ్ముతుంది, గాలి తోస్తే పదుల కిలోమీటర్లు లోపలికి పోతుంది. నావికులకు ఇదే గండం. ఒడ్డు కనిపించక ఇసుకలోకి దూసుకుపోయిన ఓడలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలాల ఎముకలు కలిసి ఉత్తర తీరానికి అస్థిపంజరాల తీరం అనే పేరు తెచ్చాయి. 1909లో చిక్కుకున్న ఎడువర్డ్ బోలెన్ అనే జర్మన్ ఓడ తుప్పు పట్టి ఇప్పటికీ ఉంది, కానీ నీళ్లలో లేదు. ఇసుక మేట వేసి తీరమే ముందుకు జరగడంతో అది ఒడ్డుకు కొన్ని వందల మీటర్ల లోపల, దిబ్బల మధ్య పడి ఉంది. మొదటిసారి చూసినవాళ్లకు ఎవరో ఓడను ఎత్తుకొచ్చి ఎడారిలో పడేసినట్టుంటుంది. ఆ తీరంలో కొన్ని రోడ్లకు తారు కూడా వేయరు. జిప్సం మట్టిని ఉప్పునీటితో తడిపి దిమ్మిస కొడతారు, అది గట్టిపడి తారు రోడ్డులాగే ఉంటుంది. మంచు పడ్డ పొద్దున మాత్రం బండి జారుతుంది.

ఆ మంచును నమ్ముకుని బతికే జీవుల్లో అందరికంటే పేరున్నది ఒక నల్లటి పెంకుపురుగు. గోటి కన్నా కొంచెం పెద్దది. తెల్లవారుజామున, చలిలో కాళ్లు సరిగా ఆడని వేళ, ఇసుకలోంచి బయటికొచ్చి దిబ్బ ఎక్కుతుంది. శిఖరం మీద గాలికి ఎదురుగా నిలబడి తల కిందికి, వెనక భాగం పైకి పెడుతుంది. మంచు తుంపర వీపు మీద చుక్కలు చుక్కలుగా చేరి, బరువెక్కి, జారి నోటి దగ్గరికి వస్తుంది. అలా ఒక్క పూటలో సొంత బరువులో మూడో వంతు దాకా నీళ్లు తాగిన పురుగులను పరిశోధకులు తూచి చూశారు. ఈ సంగతిని ఇంటర్నెట్‌లో ఎక్కువమంది తప్పు పురుగు బొమ్మతో చెబుతుంటారు. 2001లో వీపు మీద గడ్డలున్న స్టెనోకారా అనే పురుగు గురించి ఒక పరిశోధన వచ్చింది, దాని నమూనాతో గాలి నుంచి నీళ్లు పట్టే పరికరాలు చేయొచ్చని ప్రపంచమంతా ఉత్సాహపడింది. తీరా తర్వాత ఎడారిలో గమనిస్తే తలకిందులుగా నిలబడి మంచు తాగేది అది కాదు, దాని చుట్టం ఓనిమాక్రిస్ ఉంగ్విక్యులారిస్.

ఇలాంటివి తేల్చేందుకు 1962 నుంచి గోబాబెబ్ అనే చోట ఒక పరిశోధన కేంద్రం నడుస్తోంది. చార్లెస్ కోచ్ అనే ఆస్ట్రియా కీటక శాస్త్రవేత్త పెట్టించాడు. కేంద్రం ఉన్న చోటు విచిత్రంగా ఉంటుంది. కుయిసెబ్ అనే నది, అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఒట్టి ఇసుక కాలువ, అక్కడ ఎడారిని గీత గీసినట్టు విడదీస్తుంది. దక్షిణాన ఎర్రటి దిబ్బల సముద్రం, ఉత్తరాన చదునైన రాళ్ల మైదానం. ఎప్పుడో ఒకసారి వచ్చే వరదే ఇసుకను ఊడ్చేసి దిబ్బలు నది దాటకుండా చూస్తుంది. ఆ నది వెంట టోప్‌నార్ అనే చిన్న జాతి వాళ్లు తరతరాలుగా ఉంటున్నారు. దిబ్బల మీద కాసే నారా కాయ వాళ్లకు ఆహారం, ఆదాయం. దోస, పుచ్చ కుటుంబంలోదే, ఆకులు లేని ముళ్ల పొద మీద కాస్తుంది, వేరు నేలలోకి ఎంతో లోతుకు దిగి నీళ్లు వెతుక్కుంటుంది.

మొక్కల్లో మరో వింత వెల్విచియా. 1859లో ఫ్రీడ్రిష్ వెల్విచ్ అనే వృక్ష శాస్త్రవేత్త దక్షిణ అంగోలాలో దీన్ని చూశాడు, ఆయన పేరే పెట్టారు. దానికి జీవితాంతం రెండే ఆకులు. రాలవు, కొత్తవి రావు, ఆ రెండే మొదలు దగ్గర పెరుగుతూ కొసల దగ్గర ఎండి చిరుగుతూ ఉంటాయి. గాలికి చీలి పీలికలై కుప్పగా పడి ఉంటాయి కాబట్టి చూడటానికి ఎవరో పాత తాటాకులు పారేసినట్టుంటుంది. అందంగా ఉందని ఎవరూ అనరు. కానీ కొన్ని మొక్కల వయసు వెయ్యేళ్లు దాటింది. ఆఫ్రికాన్స్ భాషలో దాని పేరుకు అర్థం "చావలేని రెండాకులు". దేశ రాజముద్రలో ఉన్నది ఈ మొక్కే, రగ్బీ జట్టు పేరూ ఇదే. 2025 జులైలో ప్రధాని మోదీ వెళ్లినప్పుడు ఇచ్చిన ఆ దేశ అత్యున్నత పౌర పురస్కారం కూడా వెల్విచియా మిరాబిలిస్ పేరు మీదే ఉంది.

పర్యాటకుల ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది డెడ్‌వ్లై. తెల్లటి మట్టి పళ్లెం లాంటి నేల, చుట్టూ నారింజ రంగు దిబ్బలు, మధ్యలో నల్లగా నిలబడ్డ మోడులు. ఈ మోడులు రాయిగా మారిపోయాయని చాలాచోట్ల రాస్తుంటారు, అది తప్పు. అవి ఒట్టి కట్టెలే, మన తుమ్మకు దగ్గరి చుట్టాలు. ఆరేడు వందల ఏళ్ల కిందట దిబ్బలు అడ్డుపడి చౌచబ్ నది నీళ్లు రావడం ఆగిపోయింది, చెట్లు చచ్చిపోయాయి. కట్టె పుచ్చిపోవాలన్నా కాస్త తేమ కావాలి. అది లేక ఎండకు మాడి అలాగే నిలబడ్డాయి.

ఎండిన తీరం నుంచి లోపలి పీఠభూమికి వస్తే కథ మారుతుంది. 1884లో జర్మనీ ఈ నేలను తన వలసగా ప్రకటించుకుంది. అప్పటికి మధ్య ప్రాంతంలో హెరెరోలు, దక్షిణాన నామా ప్రజలు పశువుల మందలతో ఉండేవాళ్లు. వలస వచ్చినవాళ్లు ఇచ్చిన అప్పులకు, చేసిన మోసాలకు మందలూ మేత నేలలూ చేజారుతుంటే 1904 జనవరిలో హెరెరోలు తిరగబడ్డారు. ఆగస్టులో వాటర్‌బర్గ్ దగ్గర ఓడిపోయాక వాళ్లను తూర్పున ఒమహెకె ఎడారిలోకి తరిమారు. వెనక్కి రాకుండా సైన్యం కాపలా పెట్టి నీటి చెలమలకు అడ్డుపడింది. అక్టోబరు 2న జనరల్ లోథర్ ఫాన్ ట్రోథా ఇచ్చిన ఆజ్ఞలో దాపరికమేమీ లేదు: జర్మన్ సరిహద్దుల్లో కనిపించే హెరెరో మనిషిని, చేతిలో తుపాకి ఉన్నా లేకున్నా, కాల్చేయాలి. ఆ తర్వాత నామాలు కూడా తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు హెన్‌డ్రిక్ విట్‌బోయి 1905లో యుద్ధంలో చనిపోయాడు. ఇవాళ కొన్ని నమీబియా డాలరు నోట్ల మీద ఉన్నది ఆయన బొమ్మే.

1908 నాటికి దాదాపు 80 వేల మంది హెరెరోల్లో 65 వేల మంది, 20 వేల మంది నామాల్లో 10 వేల మంది చనిపోయారని ఎక్కువగా చెప్పే అంచనా. 20వ శతాబ్దపు తొలి జాతి హననంగా దీన్ని చరిత్రకారులు లెక్కేస్తారు. మిగిలినవాళ్ల భూమి, పశువులు లాక్కుని వలసదారులకు వేల ఎకరాల ఫారాలుగా పంచారు. 1915లో దక్షిణాఫ్రికా ఈ నేలను పట్టుకున్నాక అదే పని మరింత పకడ్బందీగా చేసింది, అపార్థైడ్ అనే జాతి వివక్ష చట్టాలను కూడా తెచ్చిపెట్టింది. 1990లో స్వాతంత్ర్యం వచ్చి దాదాపు మూడు దశాబ్దాలైనా, పట్టా ఉన్న వాణిజ్య వ్యవసాయ భూమిలో దాదాపు 70 శాతం తెల్లజాతి వాళ్ల చేతుల్లోనే ఉందని 2018 ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. హైవే మీద గంటలకొద్దీ కంచె తప్ప ఇల్లు కనిపించకపోవడానికి కారణం ఒక్క వానేనా అంటే, ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి.

హెరెరో స్త్రీలు ఇప్పటికీ పండగలకు, పెళ్లిళ్లకు వేసుకునే దుస్తులు చూస్తే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. నేలను ఊడ్చే గౌను, లోపల పొరలు పొరలుగా లంగాలు, ఆ కాలపు జర్మన్ దొరసానుల బట్టలకు నకలు. తల మీద టోపీ మాత్రం వాళ్ల సొంతం. గుడ్డను రెండు పక్కలా ఆవు కొమ్ముల్లా సాగదీసి కడతారు. పశువులే ఆస్తి, పరువు అయిన జాతికి అంతకన్నా చెప్పాల్సిందేముంది.

ఆ జాతి హననానికి, నమీబియా వజ్రాలకు మధ్య ఒక రైలు మార్గం ఉంది. లూడెరిట్జ్ ఓడరేవు నుంచి లోపలికి వేసిన ఆ లైను పనిలో అక్కడి షార్క్ ఐలాండ్ నిర్బంధ శిబిరం ఖైదీలను వాడారు. చలిగాలికి, ఆకలికి, పనికి తాళలేక వాళ్లలో ఎక్కువమంది చనిపోయారు. 1908 ఏప్రిల్‌లో అదే లైను మీద ఇసుక తోడే కూలీ జకరియాస్ లెవాలాకు ఒక మెరిసే రాయి కనిపించింది. అంతకుముందు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో పనిచేసినవాడు కాబట్టి అదేమిటో అతనికి తెలుసు. తీసుకెళ్లి సూపర్‌వైజర్ ఆగస్ట్ స్టౌక్‌కు ఇచ్చాడు. స్టౌక్ చుట్టుపక్కల నేల మీద హక్కులు రాయించుకుని కోటీశ్వరుడయ్యాడు, చివరికి అంతా పోగొట్టుకుని పేదగా పోయాడు. లెవాలాకు మాత్రం మొదటి నుంచీ ఏమీ దక్కలేదు.

ఆ తర్వాత కోల్‌మన్స్‌కోప్ అనే ఊరు వెలిసింది. గుక్కెడు మంచినీళ్లు కూడా దొరకని చోట ఐస్ ఫ్యాక్టరీ, నాట్యశాల, ఆస్పత్రి, అందులో ఎక్స్‌రే యంత్రం. దక్షిణాన మరింత మంచి నిక్షేపాలు దొరకడంతో జనం తరలిపోయారు, 1956కల్లా ఊరు ఖాళీ. ఇప్పుడు తలుపులు తెరిస్తే గదుల్లో నడుము లోతు ఇసుక, గోడల మీద మాత్రం రంగు కాగితాలు ఇంకా ఉన్నాయి.

వజ్రాలు దొరికిన కొద్ది నెలలకే జర్మన్లు ఆ ప్రాంతమంతటినీ నిషిద్ధ ప్రాంతమని ప్రకటించారు. దాదాపు 26 వేల చదరపు కిలోమీటర్లు, అంటే దేశంలో 3 శాతం నేల, ఒక శతాబ్దం పాటు గని వాళ్లకు తప్ప మామూలు మనిషికి బంద్. ఈ వజ్రాలు అక్కడ పుట్టినవి కావు. లోపలి భూముల నుంచి ఆరెంజ్ నది కోట్ల ఏళ్లలో కొట్టుకొచ్చి సముద్రంలో కలిపితే, అలలు తీరం వెంబడి పరిచాయి. దారిలో పగుళ్లున్న రాళ్లు పగిలిపోయి గట్టివి మాత్రమే మిగిలాయి, అందుకే నగల నాణ్యత ఎక్కువ. ఇప్పుడు ఎక్కువ వజ్రాలను నేల మీద కాదు, నూరు మీటర్లకు పైగా లోతున్న సముద్రపు అడుగు నుంచి ఓడలు పీల్చి తీస్తున్నాయి.

ఆ నిషేధం వల్ల జరిగిన ఒక మేలు మన దేశానికి కూడా సంబంధించినది. 2008లో ఓరన్యెముండ్ దగ్గర సముద్రానికి ఇసుక కట్ట వేసి నీళ్లు తోడేసి వజ్రాలు వెతుకుతుంటే పాత ఓడ ముక్కలు బయటపడ్డాయి. రెండు వేలకు పైగా బంగారు నాణేలు, టన్నులకొద్దీ రాగి ముద్దలు, వందకు పైగా ఏనుగు దంతాలు. 1533లో లిస్బన్ నుంచి భారతదేశానికి బయలుదేరి గల్లంతైన బోమ్ జెసుస్ అనే పోర్చుగీసు ఓడ ఇదేనని చరిత్రకారుల అంచనా. మలబారు తీరంలో మిరియాలు కొనడానికి అప్పట్లో రాగి తెచ్చేవాళ్లు. మిరియాలకు పోవాల్సిన డబ్బు దాదాపు 475 ఏళ్లు ఇసుకలో భద్రంగా ఉంది. ఎవరూ అడుగుపెట్టని చోటు కాబట్టే దోపిడీ జరగలేదు.

జనం అంతా ఎక్కడున్నారంటే, ఉత్తరాన. దేశం నడుమ తూర్పు నుంచి పడమరకు ఒక పొడవాటి కంచె పోతుంది, రెడ్ లైన్ అంటారు. 1896లో పశువులకు ముసర వ్యాధి వచ్చినప్పుడు జర్మన్లు పెట్టిన కాపలా చౌకీల వరసే దానికి మూలం. ఇప్పటికీ గాలికుంటు భయంతో ఉత్తరపు పశువులను, పచ్చి మాంసాన్ని కంచె దాటి దక్షిణానికి రానివ్వరు. దక్షిణపు ఫారాల మాంసం యూరప్‌కు ఎగుమతి అవుతుంది, ఉత్తరాన చిన్న రైతు పశువుకు ఆ మార్కెట్ లేదు. జనాభాలో సగానికి పైగా ఉండేది ఆ కంచెకు ఉత్తరానే. అంటే సగటున నలుగురనే లెక్క నిజమే అయినా, అలా బతికే మనిషి అరుదు. అక్కడి ఒవాంబో జాతి ఊళ్లు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి.

వాళ్ల ముఖ్య ఆహారం మహంగు. పేరు కొత్తగా ఉన్నా గింజ మనకు తెలిసిందే, సజ్జలు. ఆ పిండితో చేసే ఒషిఫీమా మన సంకటి లాంటిదే, ముద్ద చేసి చేత్తో తింటారు. ఇక్కడ మన నేలకు నిజంగా ఒక చుట్టరికం ఉంది. పటాన్‌చెరు కేంద్రంగా పనిచేసే పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇచ్చిన ఒక సజ్జ రకాన్ని 1980ల చివర్లో ఉత్తర నమీబియా రైతులే పొలంలో చూసి ఎంచుకున్నారు. ఒకషానా అనే పరిశోధన క్షేత్రం పేరు మీద దాన్ని ఒకషానా-1 అన్నారు. స్థానిక రకాల కంటే వారాల ముందే కోతకు వస్తుంది. వాన ఎప్పుడు ఆగిపోతుందో తెలియని చోట ఆ కొద్ది వారాలే పంటకూ పస్తుకూ మధ్య తేడా. నమీబియా నుంచి మనకు వచ్చిన చీతాల గురించి తెలిసినంతగా ఈ సంగతి మనవాళ్లకు తెలియదు.

మ్యాపులో ఈశాన్య మూలన వేలు చాపినట్టు ఒక సన్నటి పట్టీ కనిపిస్తుంది. అది 1890లో బ్రిటన్‌తో బేరంలో జర్మనీకి దక్కింది. జాంబెజి నది మీదుగా హిందూ మహాసముద్రానికి పడవల్లో పోవచ్చని వాళ్ల ఆశ. దారిలో విక్టోరియా జలపాతం ఉంది.

దేశం లోపల ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ సరిహద్దుల్లోనే. రాజధాని విండ్‌హుక్ సముద్ర మట్టానికి 1,650 మీటర్ల ఎత్తున, తీరానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉత్తరాన ఒకవాంగో నది నుంచి తెచ్చుకోవాలంటే 700 కిలోమీటర్లు. అందుకని ఆ ఊరు 1968లో ప్రపంచంలో ఎవరూ చేయని పని చేసింది. ఇళ్ల మురుగునీటిని శుద్ధి చేసి నేరుగా తాగునీటి పైపుల్లోకి వదిలింది.

సింగపూర్ గురించి ఇలాంటి కబురు చాలామంది విన్నారు, కానీ అంతకు మూడు దశాబ్దాల ముందే విండ్‌హుక్ మొదలుపెట్టింది. ఫ్యాక్టరీల వ్యర్థాలను వేరే లైనులో పంపేస్తారు, ఇళ్ల నుంచి వచ్చేది మాత్రమే తీసుకుంటారు. మామూలు మురుగు శుద్ధి అయ్యాక ఆ నీళ్లు గోరెయంగాబ్ ప్లాంటుకు వస్తాయి. అక్కడ ఓజోన్, ఇసుక వడపోతలు, బొగ్గు పొరలు, సన్నటి రంధ్రాల పొరలు, చివరికి క్లోరిన్. ఒక దశలో తప్పిపోయింది తర్వాతి దశలో దొరకాలన్నది లెక్క. అప్పుడు కూడా ఆనకట్టల నీళ్లతో కలిపే ఇస్తారు. 2002లో కట్టిన కొత్త ప్లాంటు సామర్థ్యం రోజుకు 2.1 కోట్ల లీటర్లు. ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన లూకస్ ఫాన్ వ్యూరన్ చెప్పిన మాట నీటి రంగంలో తరచూ వినిపిస్తుంది: నీటిని దాని చరిత్రను బట్టి కాదు, నాణ్యతను బట్టి చూడాలి. విండ్‌హుక్ జనం 50 ఏళ్లకు పైగా ఆ నీళ్లతోనే టీ కాచుకుంటున్నారు. బయటివాళ్లకే ముఖం వికారంగా పెట్టాలనిపిస్తుంది.

మనిషి పలచగా ఉన్న చోట జంతువుకు జాగా దొరుకుతుందనుకుంటాం. చీతా విషయంలో అది అంత సులువుగా జరగలేదు. (చిరుత వేరు, చీతా వేరు. చిరుత చెట్టెక్కి వేటను దాస్తుంది, చీతా మైదానంలో పరుగెత్తి పడుతుంది.) నమీబియా చీతాల్లో ఎక్కువ భాగం అభయారణ్యాల్లో కాక ప్రైవేటు ఫారాల్లోనే తిరుగుతాయి. మేకలు, దూడలు పోతున్నాయని 1980లలో రైతులు ఏడాదికి వందల చీతాలను చంపేవాళ్లు. 1990లో మొదలైన చీతా సంరక్షణ నిధి అనే సంస్థ రైతులకు ఉపదేశాలతో సరిపెట్టకుండా కుక్కలనిచ్చింది. టర్కీ జాతి కాపలా కుక్కలను పిల్లలుగా ఉన్నప్పుడే మేకల మధ్య పెంచుతారు, అవి మందను తమ కుటుంబమనుకుంటాయి. చీతా సన్నటి శరీరం గలది, గాయమైతే పరుగు పోతుంది, పరుగు పోతే తిండి పోతుంది. పెద్ద కుక్క మొరిగితే పోట్లాటకు దిగదు, వెళ్లిపోతుంది.

అలాంటి నేల నుంచే 2022 సెప్టెంబరు 17న ఎనిమిది చీతాలు విమానంలో గ్వాలియర్‌కు, అక్కడి నుంచి కునో అడవికి వచ్చాయి. భారత్‌లో చీతా అంతరించిందని 1952లో ప్రకటించాక మన అడవిలోకి ఇదే మొదటి రాక. వాటిలో ఒకటైన జ్వాల 2023 మార్చిలో నాలుగు పిల్లలను ఈనింది, మే ఎండలకు మూడు చనిపోయాయి. ఆ వానాకాలంలో ఇంకో చిక్కు వచ్చింది. భూమధ్యరేఖకు దక్షిణాన జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. ఆఫ్రికా నుంచి వచ్చిన చీతాల ఒంటికి ఆ లెక్కనే మన వానల్లో చలికాలపు దట్టమైన బొచ్చు పెరిగింది, మెడ చుట్టూ తడి ఆరక పుండ్లు పడి కొన్ని పోయాయి. విమానం ఖండం మార్చినంత తొందరగా శరీరం క్యాలెండరు మార్చుకోదు.

2024లో నమీబియాకు తీవ్రమైన కరువు వచ్చింది. ప్రభుత్వం 83 ఏనుగులతో సహా 723 అడవి జంతువులను చంపి మాంసం ఆకలితో ఉన్న ఊళ్లకు పంచుతామని ప్రకటించింది. విదేశాల్లో గగ్గోలు పుట్టింది. అక్కడి వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించలేదు. 1990లో రాసుకున్న రాజ్యాంగంలోనే జీవ వైవిధ్యాన్ని కాపాడాలని, ప్రకృతి వనరులను ముందు తరాలకు మిగిలేలా వాడుకోవాలని పెట్టుకున్న దేశమది. 1996 చట్టం తర్వాత ఊరి ఉమ్మడి భూముల్లో వన్యప్రాణుల మీద హక్కు, ఆదాయం ఊరివాళ్లకే ఇచ్చారు. ఇప్పుడు అలాంటి సంఘాలు 80కి పైగా ఉన్నాయి, దేశంలో దాదాపు ఐదో వంతు నేల వాటి కిందే ఉంది.

స్వాతంత్ర్య పోరాటంలో భారత్ మొదటి నుంచీ ఆ పోరాటం నడిపిన స్వాపో అనే సంస్థ పక్షాన నిలిచింది. 1989లో ఎన్నికలు జరిపించడానికి వచ్చిన ఐక్యరాజ్యసమితి సేనకు నాయకుడు మన లెఫ్టినెంట్ జనరల్ దేవాన్ ప్రేమ్‌చంద్. 1990 మార్చి 21న జెండా ఎగిరింది, శామ్ నుజోమా తొలి అధ్యక్షుడయ్యాడు. సరిగ్గా 35 ఏళ్ల తర్వాత అదే తేదీన నెటుంబో నాండి-న్డైత్వా తొలి మహిళా అధ్యక్షురాలిగా ప్రమాణం చేశారు. ఈ 30 లక్షల మంది దేశమే 2022 టీ20 ప్రపంచకప్‌లో శ్రీలంకను 55 పరుగుల తేడాతో ఓడించింది. 2027 వన్డే ప్రపంచకప్ ఆతిథ్యంలోనూ భాగస్వామి.

ఇప్పుడు మళ్లీ అందరి చూపూ ఆ పాత నిషిద్ధ ప్రాంతం మీద పడింది. ఆరెంజ్ నది ముఖద్వారానికి ఎదురుగా సముద్రంలో 2022లో చమురు నిల్వలు బయటపడ్డాయి. ఒడ్డున ఎండ, గాలి పుష్కలం కాబట్టి వాటితో హైడ్రోజన్ తయారు చేసి ఓడల్లో యూరప్‌కు పంపాలని ప్రణాళికలు వేశారు, ఆ ఇంధనం కొనాలని ఉత్సాహపడిన దేశాల్లో జర్మనీ ముందుంది. 2021లో జర్మనీ జాతి హననాన్ని ఒప్పుకుని 30 ఏళ్లలో 110 కోట్ల యూరోల సాయం ప్రకటించింది, దాన్ని పరిహారం అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. తమను అడగకుండా జరిగిన ఒప్పందమని హెరెరో, నామా సంఘాలు తోసిపుచ్చాయి. 2025 నుంచి మే 28ని నమీబియా జాతి హనన సంస్మరణ దినంగా జరుపుతోంది.

ఈ కొత్త ఎగుమతులకు లూడెరిట్జ్ రేవు చాలదు. పెంచాలని చూస్తున్న వైపే షార్క్ ఐలాండ్ ఉంది. అక్కడ నేల కింద సమాధుల ఆనవాళ్లున్నాయని 2024లో పరిశోధకులు చెప్పారు. పక్కనే సముద్రంలోకి కూడా శవాలను వేసేవాళ్లని నామా కుటుంబాలు చెప్పుకుంటాయి, అందుకే రేవు వద్దంటున్నాయి. ఆ రాతి నేల మీద చాలా ఏళ్లపాటు ఉన్నది టూరిస్టులు గుడారాలు వేసుకునే క్యాంపు.